పోర్వో తీరంలో తెగిన తీగ: ఓడ ఎవరిది, విచారణ ఎవరిది?

2024 డిసెంబరు 25. ఫిన్లాండ్ అంతా క్రిస్మస్ సెలవులో ఉంది. మధ్యాహ్నం వేళ ఫిన్లాండ్, ఎస్టోనియాల మధ్య సముద్రం అడుగున నడిచే ఎస్ట్‌లింక్-2 విద్యుత్ కేబుల్ ఉన్నట్టుండి ఆగిపోయింది. అదే రోజు మరో నాలుగు టెలికాం కేబుళ్లు కూడా దెబ్బతిన్నాయి. సరిగ్గా ఆ మార్గంలోనే, రష్యాలోని ఉస్త్-లూగా రేవులో దాదాపు 35 వేల టన్నుల పెట్రోల్ నింపుకుని ఈజిప్టు వైపు వెళ్తున్న ఒక ట్యాంకర్ ఉంది. పేరు ఈగల్ ఎస్. జెండా పసిఫిక్ మహాసముద్రంలోని కుక్ దీవులది. సొంతదారు యూఏఈలో నమోదైన కంపెనీ. సిబ్బంది జార్జియన్లు, భారతీయులు. అది రష్యా ఆంక్షలను తప్పించుకోవడానికి వాడుతున్న ‘నీడ నౌకాదళం’లో భాగమని యూరోపియన్ యూనియన్ ప్రకటించింది.

ఆ రాత్రి ఫిన్లాండ్ పోలీసులు, సరిహద్దు దళాలు హెలికాప్టర్లలో వెళ్లి ఓడలో దిగారు. ఓడకు ఉండాల్సిన లంగరు కనిపించలేదు. సముద్రం అడుగున దాదాపు 90 కిలోమీటర్ల పొడవునా లంగరు ఈడ్చుకుపోయిన జాడ ఉందని ఆ తర్వాత దర్యాప్తులో తేలింది. ఓడను తీసుకొచ్చి ఆపింది పోర్వో అనే పట్టణం దగ్గర, కిల్పిలాహ్తి చమురు రేవు సమీపంలో. తెగిన కేబుల్ ఫిన్లాండ్ వైపు మొదలయ్యేది కూడా పోర్వోలోనే, అక్కడి అంటిలా సబ్‌స్టేషన్ నుంచి.

పట్టుబడిన ఓడ, తెగిన తీగ ఒకే ఊరి ముంగిట ఉన్నాయి. అయినా తొమ్మిది నెలల తర్వాత ఫిన్లాండ్ కోర్టు, ఈ కేసు విచారించే అధికారం తనకు లేదని చెప్పింది. ఆ తీర్పు ఎందుకు వచ్చింది, దానివల్ల ఎవరికి లాభం, ఓడల్లో మన నావికులు పనిచేసే, తీరంలో కొత్త కేబుళ్లు దిగబోతున్న భారత్‌కు అందులో ఏముంది? ఇది తెలియాలంటే ముందు ఆ ఊరి గురించి కొంత తెలియాలి.

కాలిన ప్రతిసారీ కట్టుకున్న ఊరు

పోర్వో రాజధాని హెల్సింకీకి తూర్పున 50 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. జనాభా 51 వేల దాకా. మన లెక్కలో ఒక చిన్న మున్సిపాలిటీ. ఫిన్లాండ్‌లో మధ్యయుగం నాటి పట్టణాలు ఆరే: తుర్కు, వీబోర్గ్, ఉల్విలా, పోర్వో, నాంతలి, రౌమా. వాటిలో వీబోర్గ్ రెండో ప్రపంచ యుద్ధం తర్వాత రష్యా చేతికి పోయింది. పోర్వో పుట్టుక 14వ శతాబ్దపు చివరి భాగానిది. 1380 ప్రాంతంలో పట్టణ హోదా వచ్చిందని చెబుతారు. స్వీడిష్‌లో ఈ ఊరి పేరు బోర్గో. ‘బోర్గ్’ అంటే కోట, ‘ఓ’ అంటే ఏరు. ఏటి పక్కన ఒక గుట్ట మీద మట్టికోట ఆనవాళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఊరి జనంలో నాలుగో వంతుకు పైగా ఇళ్లలో నేటికీ స్వీడిష్ మాట్లాడతారు. ఫిన్లాండ్ జాతీయ గీతానికి మూలమైన స్వీడిష్ కవిత రాసిన యోహాన్ లుడ్విగ్ రూనెబెర్గ్ 1837 నుంచి కన్నుమూసే దాకా ఇక్కడే ఉన్నాడు.

ఈ ఊరి చర్చి చరిత్ర చూస్తే ఈ ప్రాంతం చరిత్ర తెలిసిపోతుంది. 1508లో డేన్‌లు దాన్ని తగలబెట్టారు. 1571లో, 1590లో, 1708లో రష్యన్ సేనలు ఆ పనే చేశాయి. 1760లో ఊళ్లో పుట్టిన అగ్నిప్రమాదం మూడింట రెండు వంతుల ఇళ్లను మింగింది. అయినా జనం పాత ఇరుకు వీధుల మీదుగానే మళ్లీ ఇళ్లు కట్టుకున్నారు. అందుకే మధ్యయుగపు వీధుల తీరు ఇవాళ్టికీ అక్కడ కనిపిస్తుంది. 2006లో ఎవరో నిప్పు పెట్టడంతో చర్చి పైకప్పు కాలిపోయింది. లోపలి రాతి కమాను నిలిచింది. రెండేళ్లలో బాగుచేసి మళ్లీ తెరిచారు.

పెద్ద రాజ్యాల దారిలో ఉన్న చిన్న ఊరు కాబట్టి ఇన్నిసార్లు కాలింది. ఆ దారి ఇప్పుడు సముద్రం మీదికి, సముద్రం అడుక్కి మారింది.

జార్ ఇచ్చిన మాట

పోర్వో పేరు చరిత్ర పుస్తకాలకు ఎక్కింది 1809లో. అంతకుముందు దాదాపు ఆరు శతాబ్దాలు ఫిన్లాండ్ స్వీడన్ రాజ్యంలో భాగం. 1808 ఫిబ్రవరిలో రష్యా దాడిచేసి ఆక్రమించింది. స్వీడన్‌తో యుద్ధం ఇంకా ముగియలేదు, సంధి కుదరలేదు. అలాంటి సమయంలో, 1809 మార్చిలో, జార్ అలెగ్జాండర్-1 ఫిన్లాండ్ ప్రతినిధులను పోర్వోకు పిలిపించాడు. ప్రభువులు, మతాధికారులు, పట్టణవాసులు, రైతులు నాలుగు వర్గాలుగా వచ్చారు. చర్చిలో వాళ్లు జార్‌కు విధేయత ప్రకటించారు. బదులుగా వాళ్ల మతాన్ని, పాత చట్టాలను, హక్కులను కాపాడతానని జార్ మాట ఇచ్చాడు. స్వీడన్ ఫిన్లాండ్‌ను రాతపూర్వకంగా వదులుకున్నది ఆ ఏడాది సెప్టెంబరులోనే.

గెలిచినవాడు ఓడినవాళ్ల చట్టాన్ని ఒప్పుకోవడం మామూలు విషయం కాదు. జార్‌కు అది అవసరం కూడా: నెపోలియన్ కాలంలో రాజధాని పీటర్స్‌బర్గ్ పక్కన తిరుగుబాటు రాకూడదు. ఫిన్లాండ్ వాళ్లకు మాత్రం ఆ మాట ప్రాణాధారమైంది. పోర్వో సభ తర్వాత 1863 దాకా, అంటే 54 ఏళ్లు, ఏ జార్ కూడా ఆ ప్రతినిధుల సభను మళ్లీ పిలవలేదు. 1899లో నికొలాస్-2 ఫిబ్రవరి ప్రకటనతో ఫిన్లాండ్ చట్టాల మీద పీటర్స్‌బర్గ్ పెత్తనం రుద్దాడు. దానికి ఫిన్లాండ్ ప్రజల జవాబు సంతకాల సేకరణ. కొద్ది వారాల్లోనే 5 లక్షలకు పైగా జనం సంతకాలు చేసి, ‘మీ పూర్వీకుడు పోర్వోలో ఇచ్చిన మాట ఏమైంది?’ అన్న అర్థంలో జార్‌కు పంపారు. జార్ వాళ్ల బృందాన్ని కలవనే లేదు.

1858లో విక్టోరియా రాణి పేరిట వచ్చిన ప్రకటనను మన తొలితరం కాంగ్రెస్ నాయకులు పదేపదే ఎత్తిచూపడం దీనికి దగ్గరి పోలిక. ఇచ్చినవాడు మరిచినా, పుచ్చుకున్నవాడు కాగితం దాచుకుంటాడు. బలం లేనివాడికి ఆ కాగితమే ఆసరా. 1917లో రష్యా సామ్రాజ్యం కూలినప్పుడు ఫిన్లాండ్ స్వతంత్ర దేశమైంది. అప్పటికే దానికి సొంత చట్టాలు, సొంత పరిపాలన, సొంత పార్లమెంటు ఉన్నాయి. వాటి వేరు పోర్వోలో ఉంది.

చట్టాన్ని పట్టుకుని వేలాడటం ఫిన్లాండ్‌కు నైతిక అలంకారం కాదు, బతుకు ఉపాయం. ఈగల్ ఎస్ తీర్పును ఈ నేపథ్యంలో చదవాలి.

రష్యా చమురు వచ్చిన రేవే

పోర్వో చర్చికి కొన్ని కిలోమీటర్ల దూరంలోనే కిల్పిలాహ్తి పారిశ్రామికవాడ ఉంది. 1965లో అక్కడ చమురుశుద్ధి కర్మాగారం మొదలైంది. 2021లో నాంతలి కర్మాగారంలో శుద్ధి ఆపేశాక, ఫిన్లాండ్ మొత్తానికి మిగిలింది ఇదొక్కటే. దశాబ్దాలపాటు దీనికి ప్రధాన ముడిసరుకు సోవియట్, ఆ తర్వాత రష్యా ముడిచమురు. సోవియట్ కాలంలో ఫిన్లాండ్ చమురు తీసుకుని, బదులుగా ఓడలు, యంత్రాలు, బట్టలు, కాగితం పంపేది. మన రూపాయి-రూబుల్ వ్యాపారం ఎరిగినవారికి ఈ పద్ధతి కొత్తకాదు. సోవియట్ యూనియన్ కుప్పకూలగానే ఆ వ్యాపారం కూడా కూలింది. 1990ల మొదట్లో ఫిన్లాండ్ తీవ్రమైన ఆర్థిక మాంద్యంలో పడటానికి అదొక కారణం.

2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌పై దాడి తర్వాత ఈ బంధం నెలల్లో తెగిపోయింది. కర్మాగారం నడిపే నెస్టె కంపెనీ రష్యా ముడిచమురును చాలావరకు పక్కనపెట్టి ఉత్తర సముద్రపు చమురుకు మళ్లింది. ఏడాది మధ్యకల్లా కొనడమే మానేసింది. 2023 ఏప్రిల్ 4న ఫిన్లాండ్ నాటోలో చేరింది. రష్యాతో ఉన్న 1,340 కిలోమీటర్ల సరిహద్దు నాటో సరిహద్దు అయింది.

అయితే పోర్వో కొనడం మానేసినంత మాత్రాన రష్యా చమురు ఆగలేదు. ఫిన్లాండ్ సింధుశాఖ చివర రష్యాకు రెండు పెద్ద చమురు రేవులున్నాయి: ఉస్త్-లూగా, ప్రిమోర్స్క్. ఈ ప్రిమోర్స్క్ ఒకప్పటి ఫిన్లాండ్ పట్టణం కోయివిస్తో, యుద్ధంలో చేజారింది. ఆ రేవుల నుంచి బయల్దేరే ప్రతి ట్యాంకర్ పోర్వో ముందున్న సన్నటి జలమార్గంలోంచే పోవాలి. 2022 డిసెంబరులో యూరోపియన్ యూనియన్ సముద్రమార్గంలో వచ్చే రష్యా ముడిచమురును నిషేధించాక, ఆ సరుకులో పెద్ద భాగం మళ్లింది భారత్‌కే. యుద్ధానికి ముందు మన చమురు దిగుమతుల్లో రష్యా వాటా 2 శాతం లోపు. 2023కల్లా అది మూడో వంతుకు చేరింది. ఈగల్ ఎస్ భారత్‌కు రావడం లేదు నిజమే. కానీ అలాంటి పాత ఓడలు, జెండాలు మార్చే ఓడలు, బీమా ఎవరిచ్చారో తెలియని ఓడలు ఇన్ని తిరగడానికి కారణమైన గిరాకీలో మన వాటా చిన్నది కాదు.

చవకగా దొరికినచోట చమురు కొనడం తప్పని అనలేం. 140 కోట్ల జనాభా ఉన్న దేశం పెట్రోల్ ధర చూసుకోవాల్సిందే. యూరప్ కూడా 2022 తర్వాత రష్యా గ్యాస్‌ను వెంటనే మానలేదు. అడగాల్సిన ప్రశ్న వేరు: ఆ చవక ధరలో ఎవరి జవాబుదారీతనం కోసేస్తున్నారు?

తీర్పు ఏం చెప్పింది

2025 ఆగస్టులో ఫిన్లాండ్ ప్రాసిక్యూటర్లు ఈగల్ ఎస్ కెప్టెన్ మీద, మరో ఇద్దరు అధికారుల మీద కేసు పెట్టారు. కెప్టెన్, ఒక అధికారి జార్జియా వారు. మరొకరు భారతీయుడు. ముగ్గురూ ఆరోపణలను ఖండించారు. లంగరు సాంకేతిక లోపంతో జారిందన్నారు. అక్టోబరు 3న హెల్సింకీ జిల్లా కోర్టు, దోషులా కాదా అన్న మాట తేల్చకుండానే, కేసును కొట్టేసింది. ముగ్గురి న్యాయ ఖర్చులు, సుమారు 1,95,000 యూరోలు, ప్రభుత్వమే భరించాలని చెప్పింది.

కారణం ఇది. కేబుళ్లు తెగిన చోటు ఫిన్లాండ్ ప్రాదేశిక జలాల్లో లేదు. తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు దాటాక ఉండే ప్రత్యేక ఆర్థిక మండలిలో ఉంది. అక్కడ తీరదేశానికి చేపల మీద, ఖనిజాల మీద హక్కులుంటాయి కానీ పోలీసు అధికారం పరిమితం. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందంలోని 97వ అధికరణం ప్రకారం, ప్రాదేశిక జలాల అవతల ఓడ ప్రయాణంలో జరిగే ప్రమాదంపై సిబ్బందిని శిక్షించే అధికారం రెండు రకాల దేశాలకే ఉంటుంది: ఓడ ఎవరి జెండాతో తిరుగుతోందో ఆ దేశానికి, నిందితులు ఏ దేశ పౌరులో ఆ దేశానికి. అంటే కుక్ దీవులకు, జార్జియాకు, భారత్‌కు.

కేబుళ్ల గురించి అదే ఒప్పందంలో 113వ అధికరణం ఉంది. కావాలని గానీ నిర్లక్ష్యంతో గానీ కేబుల్ తెంపడాన్ని నేరంగా చూడాలని అది అన్ని దేశాలకూ చెబుతుంది. కానీ శిక్షించే బాధ్యత మళ్లీ ఆ జెండా దేశం మీద, ఆ వ్యక్తి దేశం మీదే పెడుతుంది. ఓడకు, జెండాకు నిజమైన సంబంధం ఉంటుందన్న నమ్మకంతో రాసిన చట్టం ఇది. కుక్ దీవుల జనాభా పోర్వో జనాభాలో మూడో వంతు కూడా ఉండదు. బాల్టిక్ సముద్రంలో లంగరు జారిందో, జార్చారో తేల్చే తీరిక, ఆసక్తి, వనరులు ఆ దీవులకు ఎక్కడివి? చట్టంలో లోపం ఉన్నదంతా ఇక్కడే.

నష్టం చిన్నది కాదు. ఎస్ట్‌లింక్-2 సామర్థ్యం 650 మెగావాట్లు. అది ఆగడంతో ఫిన్లాండ్-ఎస్టోనియా మధ్య విద్యుత్ మార్పిడి సామర్థ్యం మూడో వంతుకు పడిపోయింది. అప్పటికి ఆరు వారాల్లో, 2025 ఫిబ్రవరిలో, ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియా రష్యా విద్యుత్ గ్రిడ్ నుంచి విడిపోయి యూరప్ గ్రిడ్‌తో కలవాల్సి ఉంది. అలాగే కలిశాయి కూడా. కేబుల్ మరమ్మతు జూన్‌కు గానీ పూర్తికాలేదు. ఈగల్ ఎస్ మాత్రం మార్చి మొదట్లోనే వెళ్లిపోయింది.

ఫిన్లాండ్‌లో చాలామందికి ఈ తీర్పు మింగుడుపడలేదు. అది సహజం. అయినా కోర్టు చేసింది బలహీనత అనలేం. దేశమంతా ఒకవైపు వేలు చూపిస్తున్నప్పుడు, నాటో నౌకలు బాల్టిక్‌లో గస్తీ తిరుగుతున్నప్పుడు, సొంత ప్రభుత్వానికే ‘ఇది నీ పరిధి కాదు’ అని చెప్పగలిగింది. ఇవాళ పోర్వో ముందు చట్టాన్ని సాగదీస్తే, రేపు రష్యా తన తీరం ముందు అంతకంటే ఎక్కువ సాగదీస్తుంది. అప్పుడు చిన్న దేశానికి చూపించడానికి కాగితం కూడా ఉండదు.

అలాగని ఫిన్లాండ్‌ను ఆకాశానికెత్తాల్సిన పనీ లేదు. రష్యా వలసదారులను సరిహద్దు మీదికి తోలుతోందంటూ 2024 జులైలో శరణార్థులను వెనక్కి పంపే చట్టం చేసింది. అది అంతర్జాతీయ బాధ్యతలకు విరుద్ధమని న్యాయ నిపుణులు హెచ్చరించినా 167-31 ఓట్లతో నెగ్గింది. మందుపాతరల నిషేధ ఒప్పందం నుంచి బయటకు రావాలని 2025లో పార్లమెంటు తీర్మానించింది. భయం పెరిగితే చట్టం మీద పట్టు సడలడం అక్కడా జరుగుతోంది. అందుకే ఆ జిల్లా కోర్టు తీర్పుకు మరింత విలువ.

మనం ఏ వైపు?

ఈ తగవులో భారత్‌ది ప్రేక్షకుడి పాత్ర అనుకుంటే పొరపాటు. మనం నాలుగు పాత్రల్లో ఉన్నాం.

ఒకటి, చమురు కొనేవాళ్లం. రెండు, ఓడలకు నావికులను ఇచ్చేవాళ్లం. ప్రపంచ నౌకల్లో పనిచేసేవారిలో భారతీయుల సంఖ్య చాలా పెద్దది. జీతాలు ఎగ్గొట్టి యజమానులు నడిసముద్రంలో వదిలేసే నావికుల్లోనూ ఇటీవలి ఏళ్లలో ఎక్కువమంది మనవాళ్లే. నీడ ఓడ ఎక్కిన కుర్రాడికి ఆ ఓడ అసలు యజమాని ఎవరో తెలియదు. ఏదైనా జరిగితే పరాయి దేశంలో నెలలకొద్దీ పాస్‌పోర్టు లేకుండా నిలబడేది అతనే. సరుకు అమ్మినవాడు, కొన్నవాడు, ఓడ అద్దెకిచ్చినవాడు కోర్టు మెట్లెక్కరు.

మూడు, విచారించే అధికారం ఉన్నవాళ్లం. హెల్సింకీ కోర్టు తర్కం ప్రకారం, భారత పౌరుడైన నిందితుడిపై విచారణ జరిపే హక్కు భారత్‌కు ఉంది. మన శిక్షా చట్టం విదేశాల్లో భారత పౌరుడు చేసిన నేరానికీ వర్తిస్తుంది. విచారణకు కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. ఇది ఆ నావికుడిని శిక్షించాలన్న వాదన కాదు. నిజం తేల్చాల్సిన దేశాలు ఏవీ కదలకపోతే, సముద్రంలో నేరానికి విచారణే ఉండదన్నది అసలు భయం.

ఈ బాధ మనం ఎరుగనిది కాదు. 2012 ఫిబ్రవరిలో కేరళ తీరానికి 20 నాటికల్ మైళ్ల దూరంలో ఇటలీ ట్యాంకర్ మీదున్న నావికాదళ సైనికుల కాల్పుల్లో ఇద్దరు మత్స్యకారులు చనిపోయారు. విచారణ మన కోర్టుల్లోనే జరగాలని భారత్ ఏళ్ల తరబడి పోరాడింది. 2020లో అంతర్జాతీయ ట్రిబ్యునల్, ఆ సైనికులకు రక్షణ ఉన్నందున భారత్‌కు విచారణాధికారం లేదని, నష్టపరిహారం మాత్రం దక్కాలని చెప్పింది. 10 కోట్ల రూపాయల పరిహారం అందాక 2021 జూన్‌లో సుప్రీంకోర్టు కేసు మూసేసింది. అది వేరే అధికరణం, వేరే సందర్భం. కానీ సొంత తీరం ముందు జరిగిన నష్టానికి సొంత కోర్టులో న్యాయం దొరకకపోతే ఎలా ఉంటుందో ఆ మత్స్యకారుల కుటుంబాలకు తెలుసు.

నాలుగు, మనకూ కేబుళ్లున్నాయి. 2025 సెప్టెంబరులో ఎర్ర సముద్రంలో కేబుళ్లు తెగితే భారత్‌లో ఇంటర్నెట్ నెమ్మదించింది. ఇప్పటిదాకా మన అంతర్జాతీయ కేబుళ్లు ప్రధానంగా ముంబై, చెన్నై తీరాల్లో దిగుతున్నాయి. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నంలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో ఏఐ కేంద్రాన్ని ప్రకటించినప్పుడు, అందులో అంతర్జాతీయ సముద్రగర్భ కేబుళ్లు దిగే కేంద్రం కూడా ఉంది. విశాఖ పెద్ద రేవు. ఆర్‌కే బీచ్‌లో నిలబడితే లంగరు వేసుకుని వరుసలో వేచిచూస్తున్న ఓడలు కనిపిస్తాయి. రేపు తీరానికి 12 మైళ్ల అవతల, ఏ దీవి జెండాతోనో తిరిగే ఓడ లంగరు ఆ తీగల మీద ఈడ్చుకుపోతే? చట్టం మనకు చెప్పేది హెల్సింకీ కోర్టు చెప్పిందే.

కాబట్టి మన ప్రయోజనం ఎక్కడుందో స్పష్టం. సముద్ర చట్టంలో కేబుళ్ల రక్షణకు తీరదేశానికి మరికొంత అధికారం రావాలని అడగాల్సిన దేశాల్లో భారత్ ముందుండాలి. అది సాధించే దాకా చేయగలిగినవి ఉన్నాయి: మన రేవులకు చమురు తెచ్చే ఓడల బీమా, వయసు, జెండా పట్టించుకోవడం, నావికులను నీడ ఓడలకు పంపే ఏజెంట్ల మీద కన్నేయడం, కేబుళ్లు దిగే తీరాల్లో ఓడలు లంగరు వేసే చోట్లను దూరంగా జరపడం, మరమ్మతు ఓడల కోసం విదేశాల వైపు చూడకుండా సొంతంగా సమకూర్చుకోవడం. రష్యా చమురు కొంటూనే ఇవన్నీ చేయవచ్చు. చవక చమురు కోసం ఓడ ఎవరిదో అడగడం మానేస్తే మాత్రం, రేపు విశాఖ ముందు అదే ప్రశ్న మనం అడిగినప్పుడు జవాబిచ్చేవాడు ఉండడు.

1809లో పోర్వోకు వచ్చిన ఆ ప్రతినిధుల దగ్గర సైన్యం లేదు. వాళ్లు అడిగింది ఒక్కటే: మా చట్టం మాకుండనివ్వండి. జార్ మాట 90 ఏళ్లకు తప్పాడు. కానీ ఆ మాట కాగితం మీద ఉంది కాబట్టే తప్పాడని 5 లక్షల మంది సంతకాలతో చెప్పగలిగారు. సముద్రానికి కూడా అలాంటి కాగితం ఒకటుంది. దానికి చిరుగులు పడ్డాయి. పోర్వో ముందు అవి బయటపడ్డాయి. విశాఖ ముందు బయటపడక ముందే కుట్టుకోవడం మంచిది.